బీరువాలోనే ఉంది

ఆ కత్తి పావుకిలో కూడా తూగదు. కొట్లో కాటా మీద పెట్టి చూశాను కాబట్టి చెబుతున్నాను. ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువు మాత్రం ఏ కాటాకీ అందదు. నా భార్యకి చెబుదామని చాలాసార్లు నోరు తెరిచాను. తెరిచి మంచినీళ్లు అడిగాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. మీకైతే చెప్పగలననిపిస్తోంది.

మాది కింద మైదానం. నాన్న హయాంలోనే చింతపల్లి వచ్చి కొట్టు పెట్టాం. ఉప్పు, నూనె, బట్టల సబ్బు అమ్ముతాం. కాఫీ గింజలు, మిరియాలు, పిప్పళ్లు కొంటాం. నాకు మందు అలవాటు లేదు, పేకాట లేదు. ఉన్న పిచ్చల్లా ఒక్కటే, యుద్ధకాలం నాటి కత్తులు. రెండో ప్రపంచ యుద్ధంలో సిపాయిలు నడుముకి కట్టుకున్నవి, తిండి డబ్బాలు కోసుకున్నవి, బర్మా అడవుల్లో వెదురు నరుక్కున్నవి. పాత ఇనుము కొనేవాడి గోనెలో ఒక మడత కత్తి దొరకడంతో మొదలైంది. దాని మీద కాకి కాలు లాంటి చిన్న ముద్ర ఉంది. తెల్లవాడి సర్కారు సొత్తని గుర్తట. ఆ ముద్ర వెంటపడి విశాఖపట్నంలో పాత సామాన్ల కొట్లన్నీ గాలించాను. కత్తులు పెట్టిన బీరువా కొట్లో నా కుర్చీ వెనకే ఉంటుంది. నా భార్య దాన్ని నా రెండో సంసారం అంటుంది.

ఆ కత్తి తెచ్చినామె పేరు ఇక్కడ చిలకమ్మ అనుకోండి. అసలు పేరు రాయను. కొండ మీది ఊరు. నాకంటే పెద్దది, అక్క వరసన అప్పా అని పిలిచేవాణ్ణి. పెళ్లయిన కొన్నాళ్లకే మొగుడు పోతే అన్న ఇంటికి వచ్చేసి, తల్లిలేని మేనల్లుణ్ణి తన చేతుల మీద పెంచింది. మిరియాలు మా కొట్టుకే తెచ్చేది.

ఆ రోజుల్లో అడవిలో అలజడిగా ఉండేది. కూంబింగ్ పార్టీలు ఊళ్లు చుట్టుముట్టి ఇల్లిల్లూ సోదా చేసేవి. మగవాళ్లంతా అడవిలోకి తప్పుకున్న ఒక పొద్దున చిలకమ్మ ఒక్కతే కొండ దిగి వచ్చింది. ఒక గుడ్డ మూట తెచ్చి నేల మీద పెట్టింది. కత్తిని చేతి నుంచి చేతికి అందించకూడదు కదా.

"మా అయ్య బరమా నుంచి తెచ్చిందిది బాబూ. పోలీసోల్లు సూసినారంటే మా గుంటణ్ని అట్టుకుపోతారు. నీ కాడ ఉంచు. కొత్త పండక్కి అట్టుకెల్తాను," అంది.

ఉంచు అంది. ఉంచుకో అనలేదు. నాకు తెలుగు బాగానే వచ్చు.

వాళ్లయ్యని యుద్ధంలో రోడ్డు పనికి కూలీగా బర్మా తీసుకుపోయారట. వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. ఆయన వచ్చాడు, నడుములో ఈ కత్తితో. అప్పట్నుంచి అది ఆ ఇంటి పెద్దకత్తి. ఏడాది పొడుగునా పొయ్యి పైన పొగ అటక మీద మూటలోనే ఉంటుంది. కొత్త పండగనాడు, అంటే కొత్తగా పండిన సామలు నోట పెట్టుకునే ముందు, ఇంటి పెద్దమగవాడే ముడి విప్పాలి. బుట్టనిండా కొత్త సామలు పోసి, జానెడెత్తు నుంచి కత్తిని మొన కిందికి వదులుతాడు. నిలబడితే చచ్చిపోయిన పెద్దలు ఒప్పుకున్నట్టు. అప్పుడందరూ తింటారు. ఎన్నడూ పడలేదని చిలకమ్మ గర్వంగా చెప్పింది.

ఆమె మలుపు తిరగగానే ముడి విప్పాను. రెండంచుల బాకు, ఇత్తడి పిడి, సన్నటి మొన. బొమ్మల్లో తప్ప నేనెరగనిది. అసలుదా కాదా అని చూడ్డానికి నడుమ గీత చూడాలి. చేత్తో సానపట్టినది కాబట్టి అసలు బాకుకి ఆ గీత కొంచెం వంకరగా పోతుంది. నకిలీదే తిన్నగా ఉంటుంది. ఇది వంకరగా ఉంది. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే.

పండగ వచ్చేదాకా రోజూ తీసి చూసుకున్నాను. నాకే తెలియకుండా అది నాదైపోయింది. కాదు, ఇది కూడా అబద్ధమే. నాకు తెలిసే అయింది. నా బీరువాలో అదే రకం నకిలీ బాకు ఒకటుండేది. కత్తుల సంగతి సరిగ్గా తెలియని రోజుల్లో అసలుదని నమ్మించి ఎవడో నాకు అంటగట్టాడు. దాన్ని పొయ్యి మీద పొగబెట్టాను. చింతపండుతో ఇత్తడి మెరుపు చంపాను. ఆమె గుడ్డలోనే చుట్టి, ఆమె ముడే వేశాను. ఆ ముడి రావడానికి ఎంతసేపు తంటాలు పడ్డానో! చిలకమ్మ వచ్చింది. ఆడవాళ్లు విప్పకూడదు కాబట్టి విప్పలేదు. మూటని కళ్లకద్దుకుని, నాకు దణ్ణం పెట్టి వెళ్లింది.

అప్పుడు నాకు నేను చెప్పుకున్నది ఇది. వాళ్లు దాంతో కూరగాయ కూడా కొయ్యరు. పొగలో తుప్పు పట్టిపోతుంది. నా దగ్గరైతే నూనె రాసి చూసుకుంటాను. సామల బుట్టలో వదలడానికి ఏ కత్తయితేనేం? చదువుకున్నవాడికి సాకులు కూడా చక్కగా దొరుకుతాయి.

నకిలీ బాకు అలుగు మందం, మొన మొద్దు, పిడి బరువు. గింజల్లోకి దిగదు. పండగనాడు పడింది. మళ్లీ వదిలారు. మళ్లీ పడింది. మూట మారిందేమోనని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. కత్తిని ఇల్లు దాటించిందెవరని వెతికారు.

పండగైన వారానికి చిలకమ్మ కొట్టుకి వచ్చింది. మిరియాలు తేలేదు. గడపలోనే నిలబడింది.

"బాబూ, నీ కాడున్నప్పుడు దాన్నెవులైనా ముట్టుకున్నారేటి?"

"లేదప్పా. బీరువాలోనే ఉంది."

"మైల మనిసెవులైనా దాపుకొచ్చినారేమో. సెప్పు బాబూ, నానేటీ అనుకోను."

"ఎవరూ రాలేదు. బీరువాలోనే ఉంది."

"మరైతే నా సేతిదే తప్పు," అంది. "అయ్యకి నా సెయ్యి నచ్చనేదు."

బీరువాలోనే ఉంది. రెండుసార్లన్నాను. అప్పుడు అక్కడే ఉండేదని ఆమె విన్నది. ఇప్పుడూ అక్కడే ఉందని నేనన్నది. తలుపు వేసి ఉంది, తాళం నా జేబులో ఉంది. ఆ మాట ఎందుకు అలా ఎంచుకున్నాను? అబద్ధం ఆడలేదని రేపు నాకు నేను చెప్పుకోవడానికా? తేలు కుట్టిన దొంగలా కుర్చీలో బిగుసుకుపోయాను. లేచి ఉప్పు ప్యాకెట్ ఒకటి తీసి ఆమె ముందు పెట్టాను. వద్దని వెళ్లిపోయింది.

ఆ ఏటి నుంచి ఆమె చెయ్యి తగిలిన కొత్త గింజ ఇంట్లో ఎవరూ తినకూడదన్నారు. ఎవరి కోసం కొండ దిగిందో ఆ మేనల్లుడు కూడా పండగనాడు వేరే వాళ్ల చేత వడ్డింపించుకునేవాడు. తండ్రి కోపం చల్లారాలని ఆమె ఏటా కోడిని కోసేది. ఇదంతా మిరియాలు తూచుకుంటూ ఆమే చెప్పేది, ఎవరి మీదా కోపం లేకుండా. నేను కాటా ముల్లు వైపు చూస్తూ వినేవాణ్ణి. ఎన్ని సంతలు అలా జరిగాయి! ఏ సంతలోనైనా చెప్పి ఉండవచ్చు. నలుగురిలో పరువు పోతుందనా? కాదు. చెబితే కత్తి ఇచ్చెయ్యాలి. నా భయం అదే.

కిందటేడు చలికాలం చిలకమ్మ పోయింది. నేను చుట్టిచ్చిన కత్తిని ఆమెతోపాటే పాతిపెట్టారట. ఆమె తప్పు ఆమెతోనే పోవాలని. ఈ మాట చెప్పింది మేనల్లుడే. ఇప్పుడతను జీపు నడుపుతున్నాడు. నా కొట్టు ముందే ఆపుతాడు. నన్ను బాబాయ్ అంటాడు.

అతను వెళ్లాక కొట్లో సామల బస్తా విప్పి బుట్టలో పోశాను. బీరువా తెరిచి, జానెడెత్తు నుంచి అసలు కత్తిని వదిలాను.

నిలబడింది.

ఏడ్చాను. అది చిలకమ్మ కోసమో నా కోసమో సరిగ్గా చెప్పలేను. నకిలీ కత్తులు పట్టుకోవడంలో నన్ను మించినవాడు లేడని మా కత్తుల పిచ్చోళ్లంతా అంటారు. ఫోన్‌లో ఫోటోలు పంపి అడుగుతారు. ఇన్నాళ్లూ ఎంత తీరుబడిగా జవాబులిచ్చానో!

మేనల్లుడికి ఇచ్చెయ్యాలి. ఇస్తే, మేనత్త చేతి అన్నం వద్దన్న ఏళ్లన్నీ అతను మొయ్యాలి. అది అతని మీద జాలో, నేను వెతుక్కున్న మరో సాకో ఇంకా తేలలేదు. చిలకమ్మకి చెప్పాల్సింది మీకు చెబుతున్నానని నాకు తెలుసు. మీరు క్షమించినా చెల్లదు. అయినా ఈ వాక్యాలు రాస్తుంటే ఊపిరి కొంచెం లోపలిదాకా వెళుతోంది. అందుకని ఈసారి ఒక్కటే అర్థం వచ్చేలా చెబుతాను.

కత్తిని ఎవరూ మైలపరచలేదప్పా. నీ చెయ్యి మంచిదే. కత్తి నేను తీసుకున్నాను.