పడమటి గోడలో సందు

అబ్దుల్ ఘనీ కట్టిన గోడ దాటి వేడి లోపలికి రాదు. ఇది పొగడ్త కాదు, కొలిచి చెబుతున్నాను. సౌదీలోని జిజాన్‌లో మా కంపెనీ కట్టే విల్లాల్లో నాణ్యత పరీక్షలు నా పని. మధ్యాహ్నం పూట బయటి గోడ మీద పరికరం పెడితే యాభై ఎనిమిది డిగ్రీలు, లోపలి గోడ మీద ఇరవై ఎనిమిది. రెండు వరసల సిమెంటు ఇటుకల మధ్య సందులో నీలం రంగు ఫోమ్ బోర్డులు నిలబెట్టి, ప్రతి అతుకునూ వేలితో తడిమి, గాలి దూరదని తేలాకే టేపు వేస్తాడు. ఊరు రాయచోటి. పదిహేడేళ్లుగా ఇక్కడ ఇదే పని.

ఆయనకు ఒక్కతే కూతురు, అనమ్. ఆరేళ్లు. ఆ పిల్లకు చెమట పట్టదు. పుట్టుకతోనే ఒంట్లో చెమట గ్రంథులు లేవు. ఎండలు ముదిరితే ఒళ్లు కాగిపోతుంది. దీనికి మందు లేదు, చల్లగా ఉంచుకోండి అన్నారు డాక్టర్లు. గదిలో ఏసీ ఉన్నా, కరెంటు పోయిందంటే పావుగంటలో పిల్ల సొమ్మసిల్లుతుంది.

"ఇన్నేండ్లు వీళ్ల బంగళాలకు వేస్తాండా గదా సార్, నా బిడ్డ గదికి ఒక్క గోడ వేసుకోలేనా?" అన్నాడొకరోజు అన్నాల దగ్గర.

నా కొడుక్కి అప్పుడు పదకొండు నెలలు. వాడి మెడ మీద చెమటకాయలు లేస్తేనే నాకు ముద్ద దిగదు. ఘనీ భాయ్ మాట అందుకే నన్ను వదల్లేదు. ఖాళీ సిమెంటు సంచి చింపి, ఊళ్లో ఆయన కట్టిస్తున్న కొత్తింట్లో పిల్ల గది బొమ్మ దాని మీద గీశాం. కప్పు మీద తెల్ల పెంకులు. కిటికీ ఉత్తరానికి. మిగిలింది పడమటి గోడ. రెండు వరసల ఇటుక, మధ్యలో రెండంగుళాల సందు. ఆ సందులో ఏం పెట్టాలి?

"ఈ నీలం బోర్డే సార్. కడపలో దొరుకుతాదంట. చెప్తే రేపే తెచ్చి పెడతాడు మా బామ్మర్ది."

"అది అంటుకుంటే విషప్పొగ వస్తుంది, ఘనీ భాయ్. పిల్ల పడుకునే గది. రాక్‌వూల్ పెట్టించండి. రాతిని కరిగించి దూదిలా చేస్తారు. నిప్పంటుకోదు."

"అటూ ఇటూ ఇటుక, పైన పూత. మధ్యలోకి నిప్పెట్లా పోతాది సార్?"

ఆయన అడిగింది సబబే. సరిగ్గా కప్పేసిన బోర్డుతో భయం చాలా తక్కువని నాకూ తెలుసు. కానీ కొడుకు పుట్టినప్పటి నుంచి నాకు ఏ ప్లగ్గు చూసినా పొగే కనిపిస్తోంది. "పిల్లల దగ్గర ఎందుకండీ" అన్నాను.

"మీరు చదువుకున్నోళ్లు. మీ మాటే కానీండి."

రాక్‌వూల్ చెన్నై నుంచి రావాలి. మూడు వారాలు పడుతుందన్నారు. ఘనీ తన బామ్మర్ది ఇష్తియాక్‌కి ఫోన్ చేసి, "సందు అట్లే ఉండనీ, సామాను వస్తాది" అని చెప్పాడు. ఇష్తియాక్ రాయచోటిలో పేరున్న మేస్త్రీ, ఆ ఇల్లు కడుతున్నది అతనే.

అక్కడ కొత్త ఇల్లు చూడవచ్చిన పెద్దలు ముందు వేలి కణుపుతో గోడ మీద కొట్టి చూస్తారట. డొల్ల మోత వస్తే మేస్త్రీ పరువు పోయినట్టే. ఫోన్ చేసిన పన్నెండో రోజున ఎవరో వచ్చి కొట్టి చూశారు. "ఏం మేస్త్రీ, గల్ఫ్ బావ సిమెంటు నీ ఇంటికి మళ్లించినావా?" అని నవ్వారు. మర్నాడే ఇష్తియాక్ తన సొంత సిమెంటుతో చిన్న కంకర కలిపి, ఆ సందు నిండా పోసి, ఇనప కడ్డీతో కూరాడు. వీడియో కూడా పంపాడు.

అన్నం తింటూ ఇద్దరం చూశాం. ఇష్తియాక్ గోడను గుద్ది చూపిస్తున్నాడు.

"బావా, నువ్వు యాడనో ఎండలో కష్టపడతా ఉంటే నీ ఇల్లు డొల్లగా వదిలిపెడతానా? ఏనుగొచ్చి గుద్దినా కదలదు, చూడు!"

ఘనీ భాయ్ చెయ్యి కడుక్కుని వచ్చాడు. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, "శభాష్ రా. బాగా గట్టిగా కట్టినావు" అని పంపాడు.

"అదేంటి, అలా చెప్పారు?"

"ఏమని చెప్పేది సార్? ఆడ నా పెండ్లానికీ బిడ్డకూ వాడే దిక్కు."

"లోపలి వైపు బోర్డు కొట్టించి పూత వేయిద్దాం. ఇప్పటికీ మించిపోలేదు."

"ఎవరు కొట్టాల? మళ్లా వాడే గదా. నీ పని చెడిపోయిందిరా అని చెప్పకుండా ఎట్లా కొట్టిస్తా?" ఫోన్ జేబులో పెట్టుకుంటూ, "నేనే పోయి కొట్టుకుంటా" అన్నాడు.

ఊరికి పోయి రావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసాకు కాగితం పెట్టాడు. విల్లాలు అప్పజెప్పాకే సెలవు అన్నారు ఆఫీసులో. అంటే సెప్టెంబరు. ఎండాకాలం అయిపోయాక.

కాంక్రీటు నిండిన గోడ పగలంతా ఎండను తాగి, సాయంత్రం నుంచి లోపలికి వదులుతుంది. ఎన్ని గంటలకు ఎంత వదులుతుందో లెక్క వేశాను. ఆయనకు చూపించలేదు.

ఇల్లు పూర్తయి, తల్లీబిడ్డా అందులో చేరారు. మే రెండో వారంలో ఒక రాత్రి కరెంటు పోయి, ఆ గదిలో పడుకున్న అనమ్‌కి నూట అయిదు జ్వరం వచ్చింది. ఫిట్స్ వచ్చాయి. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ఇంటికి పంపాక ఘనీ భార్య నాజ్నీన్ పిల్లను కొత్తింటికి తీసుకుపోలేదు. వాళ్ల పిన్నమ్మది పాత మట్టిగోడల ఇల్లు, అందులో ఒక మూల చాప వేసుకుని ఉంది. కొత్తింటికి తాళం పడింది. ఇష్తియాక్ ఫోన్ చేసి నొచ్చుకున్నాడు.

"అంత గట్టిగా కట్టి ఇస్తే, పోయి మట్టింట్లో పడుండేదేంది బావా? నలుగురూ నన్నేమనుకుంటారు?"

"చిన్నపిల్ల కదరా. ఆడ అలవాటు పడింది" అన్నాడు ఘనీ.

ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగాడు.

"సార్, ఆ పొద్దే నీలం బోర్డు పెట్టిచ్చింటే సరిపోయేదా?"

ఖచ్చితంగా చెప్పలేం, గాలి, కరెంటు, ఇంకా ఎన్నో ఉంటాయి అని నాలుగు మాటలు చెప్పి తప్పించుకోవచ్చు. అవన్నీ నిజాలే కూడా.

"సరిపోయేది, ఘనీ భాయ్" అన్నాను.

ఆయన తలగుడ్డ సర్దుకుని లేచి, పదకొండో నంబరు విల్లా గోడ దగ్గరికి వెళ్లి, ఇంకో బోర్డు ఎత్తి సందులో నిలబెట్టాడు. అతుకు పొడుగునా వేలు జరిపి చూశాడు. ఒకచోట ఆగి, బోర్డు బయటికి తీసి, అంచు చెక్కి, మళ్లీ పెట్టాడు.