ఆమె వద్దన్న పేరు

పదకొండేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. మోస్తున్నానంటే ఆ బరువుకు వంగిపోయానని కాదు. నాకు ఒళ్లు మండేది అక్కడే. హాయిగా తిరిగాను. ఆ అబద్ధం చెప్పుకునే పేరు తెచ్చుకున్నాను, శాలువాలు కప్పించుకున్నాను. కంటి మీద కునుకు లేదని రాద్దామనుకున్నాను గానీ, నిద్ర బాగానే పట్టింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను మిర్యాలగూడలో విలేకరిని. అప్పట్లో ఒక దినపత్రికకు రాసేవాణ్ని. మేం పంపిన వార్తల్ని దిద్ది, శీర్షిక పెట్టి, పేజీలో కూర్చేవాళ్లు సూర్యాపేట డెస్క్‌లో ఉండేవాళ్లు. వార్త బాగుందని ఎవరైనా అంటే అది మేం రాసింది. ఎవరైనా కాలర్ పట్టుకుంటే అది డెస్క్‌లో మార్చింది. సర్పంచ్ పేరు తప్పు పడినా, బతికున్న మనిషిని పోయాడని రాసినా మాది ఒకటే జవాబు. డెస్క్‌లో కూర్చున్నవాళ్లు జనానికి కనపడరు. వచ్చి కాదనరు. ఎంత సుఖమో చూడండి.

సిరి నా దగ్గరికి కోపంతోనే వచ్చింది. సిరి అనేది ఇక్కడ నేను పెట్టిన పేరు, ఆమె ఊళ్ల పేర్లూ మార్చాను. ఈసారైనా దాచాలి కదా. బస్టాండులో జరిగిన ఒక గొడవ గురించి రాస్తూ, ట్రాన్స్ మహిళల్ని నేను నోటికొచ్చిన మాటతో రాశాను. ఆ రోజుల్లో అందరం అలాగే రాసేవాళ్లం అని ఇక్కడ చేర్చబోయి ఆగాను. రాసేవాళ్లమే. అయినా ఇది అందరి సంగతీ కాదు.

ఆమె కోదాడ నుంచి బస్సెక్కి, నా ఒంటిగది ఆఫీసుకు వచ్చి, నోటుబుక్కులోంచి చింపిన కాగితం ఒకటి నా ముందు పెట్టింది. ఒక పక్క రాయకూడనివి, ఇంకో పక్క రాయవలసినవి. ట్రాన్స్ మహిళ, ట్రాన్స్ పురుషుడు. ఆడా మగా రెండింటిలో దేనిలోనూ ఇమడనివాళ్లను వాళ్లు చెప్పుకునే మాటతోనే పిలవాలి. ‘ఆడదానిగా మారిన యువకుడు’ అని రాయొద్దు, మేం ఉన్నదే బయటికి చెప్పుకున్నాం అని పక్కనే రాసుకొచ్చింది. రాయకూడని వాటిలో అన్నిటికంటే పైన ఉన్నది ఇది: పాత పేరు అడగొద్దు, రాయొద్దు.

చదివి నేను సిగ్గుపడ్డాను. నిజంగానే. దీని మీద మంచి వ్యాసం రాస్తాను, మీ మాటల్లోనే రాస్తాను అన్నాను. ఆమె ఒప్పుకుంది. కోదాడలో ఒక ఇంటి ముందు గది అద్దెకు తీసుకుని జాకెట్లు కుట్టేది. ఆమె సంగతి అక్కడెవరికీ తెలియదు. ఆడవాళ్లు లోపలికొచ్చి కొలతలు ఇచ్చి, కష్టసుఖాలు చెప్పుకుని వెళ్లేవారు. అందుకని పేరు వద్దు, ఊరు వద్దు, ఒక ట్రాన్స్ మహిళ అంటే చాలు అంది. సరేనన్నాను. లోపల పేజీలో వేయడానికంటూ ఒక ఫొటో తీశాను, ముఖం కనపడనివ్వనని చెప్పి.

తర్వాత పాత పేరు అడిగాను.

ఎందుకడిగాను? ఇన్నేళ్లుగా వెతుకుతున్నాను, ఒక్క కారణం దొరకదు. వ్యాసానికి అక్కర్లేదు. ఆ కాగితం నా చేతిలోనే ఉంది. ఊరికే, నాకు తెలియడానికి, నా వరకే అన్నాను. ఆమె చెప్పింది. అంతగా నమ్మింది నన్ను.

రాయడానికి కూర్చుంటే వ్యాసం చప్పగా వచ్చింది. పేరు లేని మనిషి, ఊరు లేని మనిషి. పేజీ అడుగున చిన్న ముక్కగా పోతుంది. మా జిల్లా పేజీలకు ‘నాడు, నేడు’ అంటే మహా ఇష్టం. నాడు కూలీ, నేడు సర్పంచ్. నాడు పశువుల కాపరి, నేడు ఎస్సై. నా చేయి ఆ దారిలో అలవాటుగా నడిచిపోయింది. నాడు అన్నచోట ఆమె పాత పేరు, నేడు అన్నచోట ఇప్పటి పేరు, కింద నిడమనూరు దగ్గరి సొంత ఊరు, కోదాడలో జాకెట్లు కుట్టే గది, ముఖం కనపడే ఫొటో. పదిమంది మెచ్చుకుంటారు, ఆమెకు గిరాకీ పెరుగుతుంది అనుకున్నాను. లేక ఇది తర్వాత నేను అల్లుకున్న సాకా? నాకే తెలియడం లేదు. పేజీ నెత్తిన నా పేరుతో వస్తుందని మాత్రం అప్పుడే తెలుసు. గురువారం వచ్చింది.

శనివారం పొద్దున సిరి ఫోన్ చేసింది.

“అన్నా, పేపర్ల నా పాత పేరెట్లొచ్చింది?”

“డెస్కోళ్లు మార్చిండ్రు సిరీ. నేను పంపింది వేరే.”

“గాళ్లకు గా పేరెట్ల ఎరుక? నీకొక్కనికే చెప్పిన గద.”

“నా నోట్సు గూడ పంపిన. అండ్లకెల్లి తీసుకున్నరు. వెయ్యొద్దని గూడ చెప్పిన.”



“ఇంటామె రూము ఖాళీ చెయ్యమన్నది. కుట్టనిచ్చిన గుడ్డలన్నీ వాపసు తీస్కపోతున్నరు. ఒకామె మొగుడొచ్చి, మొగోడివై నా పెండ్లానికి కొలతలు తీస్తవా అని వాకిట్ల నిలవడి తిట్టిండు.”

“నేను డెస్కోళ్లతోటి మాట్లాడత.”

“వద్దులే అన్నా. నువ్వైతే గట్ల రాయవు. నాకెరుక.”

వారం తిరక్కుండా ఆమె కోదాడ వదిలేసింది. నాకెరుక అంది, ఏమెరుక ఆమెకు? నేను మంచివాణ్ననా, అబద్ధమాడుతున్నాననా? కోపంగా అన్నా బాగుండేది. ఆ గొంతులో కోపం లేదు.

అంతకంటే పాడు సంగతి ఇంకొకటి ఉంది. ఇది ఎవరికీ చెప్పలేదు. ఆ వ్యాసం పేజీలోకి వెళ్లేముందు డెస్క్ నుంచి నాకు ఫోన్ వచ్చింది. చేసింది ఒక సబ్ ఎడిటర్, మెల్లగా మాట్లాడే మనిషి. ఈ పాత పేరు వేయడానికి ఆమె ఒప్పుకుందా, తీసేయమంటారా అని అడిగింది. ఒప్పుకుందన్నాను. ఊరు కూడా ఉంచాలా అని మళ్లీ అడిగింది. ఫీల్డ్‌లో ఉన్నది నేనా మీరా అని కసురుకున్నాను. డెస్క్ మార్చకపోవడమే కాదు, మారుద్దామని చూసింది. నేనే మార్చనివ్వలేదు.

తర్వాత కాలం మారింది. సరైన మాటలు తెలిసిన విలేకరి కావాలంటే నన్ను పిలవడం మొదలైంది. కాలేజీల్లో చెప్పాను, కొత్త విలేకరులకు చెప్పాను. చెప్పినవన్నీ సిరి కాగితంలోవే. నేను సొంతంగా కనిపెట్టినట్టు చెప్పాను. ప్రతిచోటా, నేను సరిగ్గా రాసి పంపితే డెస్క్ చెడగొట్టిందన్న కథ కూడా చెప్పి నవ్వించాను. ఏ మాట ఎక్కడ వాడాలో నన్ను అడగండి, తడుముకోకుండా చెబుతాను. ఏం లాభం? ఆ రోజు కూడా నాకు మాటలు తెలుసు. ఎదురుగా కాగితం మీద రాసి ఉన్నాయి.

పోయిన నెల సూర్యాపేటలో అలాంటి సమావేశమే. డెస్క్ కథ చెప్పాను, అందరూ నవ్వారు. రెండో వరుసలో ఆ సబ్ ఎడిటర్ కూర్చుని ఉంది. జుట్టు నెరిసింది, ముందు గుర్తుపట్టలేదు. అయిపోయాక దగ్గరికొచ్చి, ఆరోగ్యం ఎలా ఉందని అడిగి, వెళ్లిపోయింది.  ఇంటికొచ్చేదాకా ఆమె మీద చిరాకుపడ్డాను, ఎందుకు కాదనలేదని. కాదనవలసింది ఆమెనా?

సిరి ఎక్కడుందో తెలియదని రాస్తే సులువు. తెలుసు. సూర్యాపేటలోనే ఒక టైలరింగ్ షాపులో, వెనక గదిలో కుడుతోందట. కొలతలు వేరేవాళ్లు తీసి లోపలికి పంపుతారట. నేను వెళ్లలేదు. ఆమెకు చెప్పకుండా మీకు చెప్పడం కూడా పిరికితనమే. వెళ్తానని ఇప్పుడు మాటివ్వను. నా మాట విలువెంతో మీరు చూశారు.

ఇంతవరకు రాశాక ఛాతీలో కొంచెం గాలి ఆడుతోంది. అంతే, అంతకుమించి ఏమీ లేదు. ఆమె వద్దంది, నేను రాశాను. దీన్ని ఏ డెస్క్‌కూ పంపలేదు. ఇందులో ప్రతి మాటా నాదే.