ఆయుధపూజకు కూర్చున్న కంప్యూటర్

కొనేవాళ్లు కొనుక్కుంటారు, తెలిసినవాళ్లు కట్టుకుంటారు. కంప్యూటర్ల గురించి ఈ మాట నేను పుట్టించిందే. మా ఇంట్లో నేను తప్ప ఇంకెవరూ ఒప్పుకోలేదు. మా ఆయన లాప్‌టాప్ కొందామన్నాడు. నేను వీడియోలు చూసి, విడిభాగాలు తెప్పించి, వంటగది పక్కగదిలో నేలమీద పరుచుకుని నా చేతులతో బిగించాను. అది మొదటిసారికే వెలిగింది. అదే నా కొంప ముంచింది. అప్పట్నుంచి ఆఫీసులో ఎవరి కంప్యూటర్ మొరాయించినా పిలవకుండానే వెళ్లి పక్కన నిలబడేదాన్ని.

దాన్ని కట్టింది మా మామయ్య కోసం. పాతబస్తీలో మా గల్లీ చివరి గుడిలో ఆయన చాలా ఏళ్లు అర్చకత్వం చేశారు. మోకాళ్లు అరిగి మెట్లెక్కలేక మానుకున్నాక ఆయన గొంతు కూడా పడిపోయింది. జబ్బేమీ కాదు, దానికి పని లేకుండా పోయింది, అంతే. ఒకప్పుడు మైకు లేకుండానే గల్లీ మొత్తానికి మంత్రం వినిపించిన మనిషి, కూరలో ఉప్పు తగ్గితే చేత్తో సైగ చేసేవారు. అది చూసినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమనేది. తెలిసినవాళ్లు కొందరు ఆన్‌లైన్‌లో సూక్తాలు నేర్పమని అడిగితే ఆయన కంటే ముందు నేనే సరేననేశాను. విజయదశమి పొద్దున మొదటి తరగతి పెట్టుకున్నాం. ఆ గొంతు మళ్లీ లేచేటప్పుడు నేను ఎదురుగా కూర్చుని వినాలని నా ఆశ. ఫోన్‌లో కానిచ్చేద్దామని మా ఆయన అంటే, అంత చిన్న తెరమీద మామయ్యకు ఎవరి ముఖం కనబడుతుందని కొట్టిపారేశాను. నేను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

ముందు రోజు నవమి. ఆయుధపూజకు కత్తిపీట నుంచి స్కూటర్ దాకా ఇంట్లో ఉన్నవాటన్నిటికీ బొట్లు పెట్టాం. కంప్యూటర్‌ను మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు. గంధం ధారాళంగా కలిపి, దాని ముఖం ఏదా అని వెతికి, సరిగ్గా పవర్ బటన్ మీద పెద్ద బొట్టు పెట్టాను. దాని నడుమ కుంకుమ. చూడముచ్చటగా ఉందని ఫొటో తీసి ఆఫీసు గ్రూపులో కూడా పెట్టాను. పూజ చేసిన పనిముట్లను ఆ రోజు వాడకూడదు కనుక దాన్ని మళ్లీ తాకలేదు.

దశమి పొద్దున మామయ్య పట్టుపంచె కట్టుకుని సిద్ధమయ్యారు. నేను వెళ్లి బటన్ నొక్కాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇంకా గట్టిగా నొక్కాను.

"బటన్ సరిగ్గ నొక్కినవా?" అన్నాడు మా ఆయన, గుమ్మంలోంచి.

కంప్యూటర్ కట్టినదాన్ని పట్టుకుని బటన్ నొక్కడం వచ్చా అని అడుగుతాడా? నేను చూసిన చూపుకు ఆయన ముందుగదిలోకి వెళ్లిపోయాడు. నేను తలుపు వేసుకున్నాను.

ప్లగ్గు మార్చాను. డబ్బా మూత విప్పితే లోపల బోర్డు మీద చిన్న లైటు వెలుగుతూనే ఉంది. అంటే కరెంటు అందుతోంది. తెలివైనవాళ్లయితే అక్కడ ఆగి ఆలోచిస్తారు. నేను చెవుల్లో ఇయర్‌ఫోన్లు దోపుకుని, ఎవరో పెద్దమనిషి వీడియోలో చెప్పినట్టల్లా చేసుకుపోయాను. మెమరీ పీకి మళ్లీ గుచ్చాను. తీగలన్నీ ఊడదీసి మళ్లీ తగిలించాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు పవర్ సప్లై అమ్మిన దుకాణాన్ని తిట్టుకున్నాను. ఇక ఏదీ పనిచేయకపోతే, బటన్ తీగ తీసేసి అది తగిలే రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలిపి చూడమన్నాడు వీడియోలో ఆయన. కలిపాను. ఫ్యాన్లు గిర్రున తిరిగాయి.

యంత్రమంతా నిక్షేపంగా ఉంది, బటన్ ఒక్కటే కదలడం లేదన్నమాట. తడిమి చూస్తే గంధం! బటన్ చుట్టూ ఉన్న సందులోకి కారి, ఎండి, సున్నంలా బిగుసుకుపోయింది. రోజూ తెల్లవారగానే నిన్నటి గంధం, పూలు తీసేశాకే కొత్త పూజ మొదలుపెట్టిన మనిషికి నేను కోడలిని. తుడవాలన్న జ్ఞానం మాత్రం అబ్బలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను.

దాన్ని ఆపేసి, పిన్నీసుతో గంధం గీకి, తీగ తగిలించి బటన్ నొక్కితే తెర వెలిగింది. ఇయర్‌ఫోన్లు పీకి పారేసి, చేతిలో స్క్రూడ్రైవర్‌తోనే ముందుగదిలోకి పరుగెత్తాను.

"ఆన్ అయింది మామయ్యా, ఇగ షురూ చేద్దాం రండి."

మామయ్య కుర్చీలో వెనక్కి వాలి మంచినీళ్లు తాగుతున్నారు. ఎదురుగా స్టూలు మీద, చెంబుకు ఆనించి, మా ఆయన ఫోన్.

"అయిపోయింది బిడ్డా," అన్నారు. "నువ్వు పనిల ఉన్నవని పిలువలే."

గడపలో మేమంతా ఖాలా అని పిలిచే ఎదురింటి పెద్దావిడ నిలబడి ఉంది. లాడ్ బజార్ దుకాణాల కోసం ఇంట్లోనే గాజులకు రాళ్లు అతికిస్తుందామె. వేళ్లకు జిగురు ఇంకా అలాగే ఉంది.

"పంతులు సాబ్ ఆవాజ్ మల్ల వచ్చింది గదా బేటీ. పని ఇడిచిపెట్టి విన్న," అంది.

గల్లీ దాటి ఎదురింటిదాకా వినబడింది. పక్కగదిలో ఉన్న నా చెవుల్లో ఎవరిదో మెమరీ పాఠం. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఎలా సాగిందని అడిగితే మామయ్య నెమ్మదిగా చెప్పారు. మొదటి పాదం దగ్గర గొంతు ఒణికిందట. ఆగిపోతుందేమోనని భయమేసిందట. తర్వాత దానంతటదే లేచిందట.

నా ముఖం చూసి కూర్చోమన్నారు. నా ఒక్కదాని కోసం మొదటినుంచి మళ్లీ ఎత్తుకున్నారు. స్క్రూడ్రైవర్ ఒళ్లో పెట్టుకుని విన్నాను. గొంతు నిండుగా, ఎక్కడా తొణక్కుండా సాగింది. ఒణికిన ఆ మొదటి పాదం మాత్రం నాకు దక్కలేదు.