బొటనవేలి కాపలా

నా కుడిచేతి బొటనవేలంటే మా ఇంట్లో అందరికీ ప్రాణం. నేనన్నా ప్రాణమే, కాదనను. కానీ వేలి తరువాతే.

మా ఊరు ఎమ్మిగనూరుకు ఆటోలో అరగంట దూరం. వాన పడితే పత్తి, వేరుశనగ. పడకపోతే సుగ్గి. పంట పనులకు వలస పోవడాన్ని మా వైపు సుగ్గి అంటారు. అమ్మా నాన్నా ఏటా గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయేవాళ్లు. ఒక ఏడాది బస్తా ఎత్తుతుంటే నాన్న నడుము పట్టేసింది. అది మళ్లీ వదల్లేదు. అప్పుడు అమ్మ ఒక్కతే బెంగళూరు పోయి, ఒక ముసలామెను చూసుకునే పనిలో కుదిరింది. రాత్రింబవళ్లూ ఆ ఇంట్లోనే ఉండాలి. పీర్ల పండుగకు మాత్రం నాలుగు రోజులు పంపిస్తారు.

అమ్మ జీతం ఎవరి ఖాతాలో వేయించాలన్నది మా ఇంట్లో పెద్ద రచ్చయింది. అమ్మ ఖాతాలో పడితే పాత గ్రూపు లోను కింద బ్యాంకువాళ్లు పట్టుకుంటారు. నాన్న ఖాతాలో పడితే చిన్నాన్నలు పట్టుకుంటారు. నాన్న తాగడు, పేకాడడు. ఆయనకున్న జబ్బల్లా అడిగినవాళ్లకు లేదనలేకపోవడం. ఒక ఏడాది మిరపకాయల డబ్బంతా చిన్నాన్న బోరు వేయించుకుంటానంటే ఇచ్చేశాడు. బోరులో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆ సంగతెత్తితే అమ్మ ఇప్పటికీ అన్నం ముందు నుంచి లేచిపోతుంది.

మగవాళ్లు పంపితే దాన్ని సంపాదన అంటారు, లెక్కగా చూస్తారు. ఆడమనిషి పంపితే అది ఇంట్లో డబ్బా అడుగున దొరికిన చిల్లర లాంటిది. ఎవరైనా చేయి పెట్టొచ్చు. మా చిన్నాన్నలు చెడ్డవాళ్లేమీ కాదు, వాళ్లకు అలాగే అనిపిస్తుంది, అంతే. అందుకని అప్పుడే పద్దెనిమిది నిండిన నా పేరు మీద ఖాతా తెరిచారు. ఏటీఎం కార్డు తీసుకుందామంటే అమ్మే వద్దంది, వేలిముద్రతోనే డబ్బు తీయాలంది.

"కార్డయితే మీ నాయన ఎవురికన్నా ఇచ్చేస్తాడు. వేలయితే ఇయ్యలేడు గదా."

అందరం నవ్వాం. నాన్న కూడా నవ్వాడు. వేలు ఎక్కడుంటే నేనూ అక్కడే ఉండాలన్న సంగతి ఆ రోజు ఎవరికీ తట్టలేదు.

నెల మొదట్లో నాన్న ఎవరి బండో అడిగి తెచ్చేవాడు. తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, "పోదామామ్మా?" అని గడప దగ్గర నిలబడేవాడు. ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర ఒక కొట్లో వేలిముద్ర మిషను ఉంది. నేను లోపలికి పోయి వేలు పెడితే, ఆయన బయట బండి పక్కనే ఉండేవాడు. డబ్బు నా చేతికి వచ్చేది. నేనే బియ్యం కొనాలి, అవ్వకు మందులు తేవాలి, చెల్లెలి ఫీజు కట్టాలి. బీడీలకు కావాలంటే నాన్న నన్ను అడగాలి. అడిగేటప్పుడు నా ముఖం చూసేవాడు కాదు. నేనూ చూడలేకపోయేదాన్ని. కన్నతండ్రికి ఇరవై రూపాయలు లెక్కబెట్టి ఇవ్వడం పెత్తనం అనుకునేవాళ్లు ఉంటారు. ఒక్క నెల చేసి చూడమనండి.

డబ్బు వల్ల మంచి జరగలేదని అనను. అవ్వకు కంటి ఆపరేషన్ అయింది. ఇంటి వెనక బాత్రూము కట్టించాం. చెల్లెలు ఆదోనిలో ఇంటర్ చదువుకుంది. అవన్నీ అమ్మ కష్టం. వాటిని తెచ్చి ఇంట్లో పెట్టింది మాత్రం నా వేలు.

ఒకసారి ఊళ్లో ఆడపిల్లలందరితో కలిసి నేనూ పత్తి తీయడానికి పోయాను. ఎండిన పత్తికాయ అంచులు సూదుల్లా ఉంటాయి. రెండు రోజులకే వేళ్ల తోలు లేచింది. ఆ నెల మిషను నా వేలిని గుర్తుపట్టలేదు. కొబ్బరినూనె రాశాం, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాం, కొట్టతను తన చొక్కాతో తుడిచి మరీ నొక్కి చూశాడు. ఊహూ. వేలు మానేదాకా అవ్వ పక్కింట్లో జొన్నలు చేబదులు తెచ్చింది. ఆ తరువాత నన్ను చేను గట్టు దాటనివ్వలేదు.

"పొయ్యి కాడికి పోవాకు మే, వేలు కాలుతాది" అనేది అవ్వ. శనక్కాయలు వలవనిచ్చేది కాదు, గిన్నెలు తోమనిచ్చేది కాదు. పని లేకుండా కూర్చోవడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. నేను వీధిలో కనబడితే నా ఈడు పిల్లలు, "బ్యాంకు నడిచొస్తాంది, లేసి నిలబడండే!" అని పకపకా నవ్వేవాళ్లు. ఆలూరు నుంచి ఒక సంబంధం వస్తే అవ్వ వాళ్ల ముఖానే చెప్పింది.

"పిల్లనిస్తాం గానీ వేలు ఇయ్యలేమప్పా."

వచ్చినవాళ్లు పరాచికం అనుకున్నారు. అవ్వ నిజంగానే అంది. ఆ రోజు నేను కొత్త బాత్రూములో తలుపేసుకుని ఏడ్చాను.

అంతకు ముందే కర్నూల్లో నర్సింగు సీటు వచ్చింది నాకు. హాస్టలు. పండుగలకు తప్ప సెలవు ఇవ్వరు. అమ్మకు ఫోన్ చేశాను.

"సీటొచ్చిందా!" అని మొదట సంతోషపడింది. తరువాత, "మరి డబ్బెట్ల తీయాల?" అంది.

"ఆ మిషన్లు కర్నూల్లో కూడా ఉంటాయి మా" అన్నాను.

"ఆడ తీస్తే ఈడికెట్ల వస్తాది? మళ్లా మీ నాయన చేతికే గదా పోవాల. ఇంట్లో ముసిల్ది ఉంది, సెల్లెలు ఉంది. సెల్లెలికి పద్దెనిమిది నిండనీ తల్లీ. దాని పేరు మీదికి మార్చి నువ్వు పో. రెండేండ్లే గదా."

రెండేళ్లే అనుకున్నాను. సీటు పోయింది. ఆ రెండేళ్లూ చెల్లెలు పెరగడం కోసం చేను ఎదుగుదల చూసే రైతులా చూశాను. దానికి జ్వరం వస్తే నాకు భయం. అది ఎవరితోనైనా నవ్వుతూ మాట్లాడితే నాకు భయం. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, అది నా చెల్లెలు అన్న మాట మరిచిపోయి నా వంతు తీర్చే మనిషిగానే చూశాను.

చివరికి దానికీ పద్దెనిమిది నిండాయి. నాన్న ఇద్దరినీ బ్యాంకుకు తీసుకుపోయాడు. కాగితాలు నింపాం, ఫోటోలు అంటించాం. బ్యాంకు అమ్మాయి మిషను ముందుకు జరిపి వేలు పెట్టమంది. చెల్లెలు చేతిని చున్నీలో దాచుకుంది.

"పెట్టు మే" అన్నాను.

"అక్కా, నాకు కూడా సీటొచ్చింది" అంది. "కర్నూల్లోనే. నీకు సెప్పల్లంటే భయమైంది."

దాన్ని చెంప మీద కొట్టాలనిపించింది. నా చేయి లేచిందేమో కూడా, ఎందుకంటే అది వెనక్కి జరిగింది. నాన్న ఇద్దరి వైపూ మార్చి మార్చి చూశాడు.

"ఇద్దర్లో ఒకరన్నా ఉండల్ల గదమ్మా" అన్నాడు మెల్లగా. ఎవరో ఆయన చెప్పలేదు. అడిగినవాళ్లకు లేదనలేని మనిషి, ఇద్దరు కూతుళ్లలో ఎవరికి లేదంటాడు?

వెనక వరసలో వాళ్లు తొందర పెడుతున్నారు. చెల్లెలు ఏడవడం లేదు. నేను ఆ వయసులో ఏడ్చి ఊరుకున్నాను, అది మాత్రం చున్నీ వదల్లేదు. కోపంతో పాటు నాకు దాని మీద అసూయ కూడా కలిగింది. కాగితాలు వెనక్కి తీసుకుని, "ఏం వద్దు మేడం, పాతదే ఉండనీయండి" అన్నాను. బయటికొచ్చాక చెల్లెలు నా చేయి పట్టుకోబోయింది. విదిలించుకున్నాను.

ఆ సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది.

"పనయిందా? ఎవురిది పెట్టినారు?"

"నాదే ఉంది మా. సెల్లెలు సదువుకోను పోతాంది."

అమ్మ గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది. "మంచిదే తల్లీ. అది చిన్నపిల్ల, మీ నాయన మాటకు కరిగిపోతాది. నువ్వుంటే నాకు ధైర్నం."

అప్పుడు నా నోట్లోంచి నాకే తెలియకుండా వచ్చేసింది.

"నన్ను ఈన్నుంచి తీస్కపో మా. నువ్వన్నా వచ్చేయ్, లేకుంటే నన్నన్నా తీస్కపో."

అవతల గంట మోగింది. ముసలామె పిలుపు గంట. ఒకసారి మోగి ఊరుకోలేదు, మోగుతూనే ఉంది.

"వస్తాండా అమ్మా, వస్తాండా" అని అమ్మ కేక వేసింది. నాకు కాదు, ఆమెకు. ఫోను ఆగిపోయింది. నేనన్న మాట అమ్మ విన్నదో లేదో ఇప్పటికీ అడగలేదు. విన్నానని అమ్మ అంటే ఏం చేయాలో నాకు తెలియదు.