నీళ్లు పోసే చోటు

2023, శ్రావణ మాసం. రాయదుర్గంలో మా రికార్డింగ్ గది జీన్స్ కుట్టే యూనిట్ వెనకాల ఉండేది. పొద్దంతా కుట్టుమిషన్ల మోత. మధ్యాహ్నం అన్నాల వేళ అవి ఆగితేనే మాకు పని. గోడలకు దుప్పట్లు కట్టిన ఆ గదిలో కూర్చుంటే బావిలోకి దిగినంత చల్లటి నిశ్శబ్దం. ఆ ఏడు మబ్బులు రోజూ వచ్చేవి. కొండల మీది గాలిమరలు దాటి కర్ణాటక వైపు వెళ్లిపోయేవి. మేం కిటికీలోంచి కాసేపు చూసి, తలుపు మూసుకుని పనిలో పడేవాళ్లం.

బైబిలు కథల్నీ కీర్తనల్నీ ఈ ప్రాంతపు మాటల్లో చెప్పించి, పాడించి, చదువు రానివాళ్ల కోసం రికార్డు చేసే చిన్న బృందం మాది. నాది చెకింగ్, అంటే చెప్పినదానికీ మూలానికీ పొంతన కుదిరిందా అని చూసే పని. దానికి క్రాస్ రిఫరెన్స్ కావాలి. ఈ మాట ఇంతకుముందు ఎక్కడ వచ్చిందో చూపిస్తూ పేజీ అంచున చిన్న అక్షరాల్లో ఉండే గుర్తు అది. ఎవరూ దాని జోలికి పోరు. నాకు మాత్రం పేజీ కన్నా అంచే ఇష్టం. పరాయి దేశంలో మగ్గుతున్న జనానికి ఒక ప్రవక్త ఎడారిలో దారి పడుతుందని చెబుతాడు. అంచున చూస్తే, అది తాతల నాడు సముద్రం చీలి దారి ఇచ్చిన కథే. సిలువ మీద ప్రాణం పోతున్నవాడి నోటికి వచ్చింది కూడా ఒక పాత కీర్తనే.

ఆ గుర్తులు బైబిలు అట్టతో ఆగవని ఈ ఉద్యోగంలోనే తెలిసింది. నోవహు కథ కన్నా ముందే, రెండు నదుల మధ్య దేశంలో, మట్టిపలకల మీద ఒక వరద ఉంది, ఒక ఓడ ఉంది, నేల తేలిందో లేదో చూసి రమ్మని వదిలిన పక్షులున్నాయి. అది చదివిన కొత్తల్లో నాకు రోడ్డు మీద నడుస్తున్నా కాళ్ల కింద ఎవరో మాట్లాడుకుంటున్నట్టుండేది. భయం కాదు. ఇంట్లో పక్కగదిలో పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే నిద్ర పట్టినట్టు, ఒక సుఖం.

అలాంటి ఒక మధ్యాహ్నం మరియమ్మ వచ్చింది. గుమ్మఘట్ట దగ్గరి పల్లె. కూలి పనులు చేసుకుని బతికిన మనిషి, అరవై దాటాయి. మెడ ముందు థైరాయిడ్ గడ్డ. వచ్చే సోమవారం అనంతపురంలో ఆపరేషన్. గొంతు మిగిలితే మిగలొచ్చు, లేకపోతే లేదని డాక్టరు ముందే చెప్పాడట.

"నేను కట్టిన పాట ఒకటి ఉండాది పాపా. గొంతు ఉండంగానే పట్టుకోండి," అంది.

"ఇంకెవరికీ రాదా అవ్వా?"

"నా కోడలికి సెల్లులో పాటలు వినేకే టైము చాల్దు. నా పాట యాడ నేర్చుకుంటాది?"

మిషన్లు ఆగాయి. మరియమ్మ కళ్లు మూసుకుంది. వాన కోసం యేసును అడిగే పాట అది. మా చెనిక్కాయ చెట్టుకు ఊడ దిగలేదు, కాయ పట్టలేదు, మా ఆవు నాలుక ఎండింది, నువ్వు చూస్తాండావా లేదా అని నిలదీసే పాట. కొంచెం బొంగురు, కొంచెం పుల్లటి గొంతు. ప్రతి చరణం చివరా ఆమె ఆగిపోయేది. ఊపిరి కోసం కాదు, ఇంకా ఎక్కువసేపు. ఆ ఆగడంలో నాకు నిజంగానే కునుకులాంటిదేదో పట్టి, దూరంగా ఏదో పారుతున్నట్టు అనిపించింది.

సౌండు చూసే బాషా చురుకైన కుర్రాడు. అవ్వ పాట మరిచిపోయి తడుముకుంటోంది అనుకుని, ఖాళీలన్నీ ట్రిమ్ చేసేశాడు. ట్రిమ్ అంటే శబ్దం లేని చోటును కత్తిరించి ముక్కలు దగ్గరికి జరపడం. తర్వాత వినిపించాడు. మరియమ్మ హెడ్‌ఫోన్ చెవి దగ్గరికి పెట్టుకుని వింది. ముఖం మాడిపోయింది.

"నీళ్లు యాడ పోయినాయప్పా?"

బాషా కుండ దగ్గరికి లేవబోయాడు. "దాహమా అవ్వా?"

"తాగేకి కాదప్పా. పాటలో నీళ్లు. చెంబుతో పోసేంత జాగా ఇడిసినాను గదా, అది యాడ?"

అప్పుడు చెప్పింది. ఆమె చిన్నప్పుడు వానలు లేకపోతే ఆడవాళ్లు కప్పను వేపాకుతో రోకలికి కట్టి, భుజాన పెట్టుకుని ఇంటింటికీ తిరిగేవాళ్లు. ముందు వరసలో వాళ్లమ్మ. గడప ముందు ఒక చరణం పాడి ఆగేవాళ్లు. ఇంటామె చెంబుతో ఆ కప్పతల్లి మీద నీళ్లు పోసేది. చివరి చుక్క పడ్డాకే రెండో చరణం. మరియమ్మ పెళ్లయ్యాక యేసును నమ్ముకుంది. రోకలి లేదు, కప్ప లేదు. వాళ్లమ్మ బాణీ మాత్రం మిగిలింది. నీళ్లు పోసే ఆ చోటుతో సహా.

బాషా ఖాళీలన్నీ మళ్లీ తెచ్చి పెట్టాడు.

మా పనిలో కమ్యూనిటీ చెక్ అని ఒకటుంది. రికార్డు చేసింది ఆ ఊరి సంఘానికే వినిపించి, వాళ్లు ఒప్పుకుంటేనే మెమరీ కార్డుల్లోకి ఎక్కిస్తాం. ఆ వారంలోనే నేనూ బాషా మరియమ్మ ఊరి చర్చిలో కూర్చున్నాం. రేకుల కప్పు, కింద ప్లాస్టిక్ చాపలు. కిటికీ బయట ఎర్రనేల వేడికి అలలు అలలుగా కదులుతోంది. పాట మొదలైంది. మొదటి చరణం అయి, ఖాళీ వచ్చింది. వెనక కూర్చున్న ముసలమ్మలు, తమకే తెలియకుండా, కుడిచేయి కొద్దిగా ఎత్తి ముందుకు వంచారు. చెంబు వంచినట్టు.

నేను చూశాను. పాస్టరు ప్రభుదాసు కూడా చూశాడు.

పాట అయ్యాక నన్ను బయటికి పిలిచాడు. మంచి మనిషి. ఊళ్లో ఎవరికి జబ్బు చేసినా తన బండి మీద ఆస్పత్రికి తీసుకుపోతాడు. సోమవారం మరియమ్మను తీసుకెళ్లేదీ ఆయనే.

"చూసినారు గదా సిస్టర్ ఆ చేతులు? అది యేసు పాట కాదు, కప్పతల్లి పాటే. ఆ ఖాళీలు తీసేయండి, లేదంటే పాటే వద్దు."

"తీసేస్తే అది ఆమె పాట కాదు," అన్నాను.

"మా అమ్మ ఆ రోకలి దించి ఈ చర్చికి వచ్చింది. దానికి ఊర్లో ఎన్ని మాటలు పడిందో మీకేం తెలుసు? ఇప్పుడు దాన్ని నేనే మళ్లీ ఎత్తియ్యాల్నా?"

నాకు కోపం వచ్చింది, కానీ ఆయన వాళ్లమ్మ మాట ఎత్తడంతో అది నిలవలేదు. అలవాటు కొద్దీ బైబిలు తీసి, ఇరవై తొమ్మిదో కీర్తన దగ్గర తెరిచాను. దేవుని స్వరం ఉరుమై నీళ్ల మీద మోగడం, దేవదారులు విరగడం, అరణ్యం వణకడం. ఆయనకు కంఠతా వచ్చు.

"దీని అంచున వేయని గుర్తు ఒకటుంది," అన్నాను. "సముద్రం ఒడ్డున ఒక పాత పట్నం తవ్వితే మట్టిపలకలు దొరికాయి. అందులో ఇలాగే ఉరిమే, మబ్బుల మీద తిరిగే, వాన తెచ్చే దేవుడి పాటలున్నాయి. ఈ కీర్తన ఆ పాటల ధోరణిలోనే కట్టిందని చాలామంది పండితులు అంటారు."

"ఎవురు ఆ దేవుడు?"

"బయలు."

"ఏలీయా ప్రవక్త కొట్లాడింది ఆ అన్యుల దేవుడు బయలుతోనే గదా! అది కూడా వాన లేని కాలమే. అట్లాంటోని పాట నా బైబిల్లో ఉందంటారా?"

"పాట ధోరణి ఉంది. ఉరుము మాత్రం చేతులు మారింది. ఏలీయా కత్తితో కొట్లాడాడు, ఈ కవి పాటతో కొట్లాడాడు. వాన మీ బయలుది కాదు, మా దేవుడిదని వాళ్ల పాటతోనే చెప్పాడు."

"మరి అది మొదట పాడినోళ్లకి పాత దేవుడు గుర్తుకు రాలేదా?"

"వచ్చే ఉంటాడు. వాళ్ల చేతులు కూడా కదిలే ఉంటాయి."

ఒక మబ్బు నీడ చర్చి మీదుగా పాకి, పొలాలు దాటి పోయింది. ఇద్దరం అది పోయేదాకా చూశాం. నా మాటతో ఆయన మారాడని చెప్పను, నిజానికి ఇంకా కలవరపడ్డాడు. లోపలికి వెళ్లి మరియమ్మ ముందు చాప మీద కూర్చున్నాడు.

"అవ్వా, ఉన్నది చెప్పు. ఆడ ఆగినప్పుడు నువ్వు ఎవురికి పోస్తాండావు నీళ్లు?"

మరియమ్మ ఆయన్ని అదోలా చూసింది. "పోసేది నేను యాడప్పా? మాయమ్మ కాలంలో మేము పోస్తిమి. ఇప్పుడు యేసయ్యనే పొయ్యమంటాండా. అందుకే నోరు మూసుకుని జాగా ఇస్తాండా. నేను పాడతానే ఉంటే ఆయప్ప ఎప్పుడు పోస్తాడు?"

ప్రభుదాసు లేచేటప్పుడు కళ్లు తుడుచుకున్నాడు. బాషా వైపు తిరిగి, "అన్నా, ఆ జాగా అట్లనే ఉండనీ," అన్నాడు.

ఆ ఏడు వాన రాలేదు. ఆపరేషన్ బాగానే జరిగింది, గొంతు మాత్రం పోయింది. గుసగుసలాంటిది మిగిలింది.

క్రిస్మస్‌కు ముందు ఒక ఆదివారం కార్డులు ఇవ్వడానికి ఆ చర్చికి వెళ్లాను. స్పీకరులో మరియమ్మ పాట పెట్టారు. అప్పటికే అందరికీ వచ్చేసింది. కోడలు కూడా పాడుతోంది, అందరికన్నా గట్టిగా. మరియమ్మ ముందు వరసలో కూర్చుని, కదలని పెదవులతో తన పాత గొంతే వింటోంది. నాకు ఆ ఒక్క గొంతులో వాళ్లమ్మ గొంతు వినిపించింది. ఆ అమ్మకు అది నేర్పిన పేరు తెలియని గొంతులు కూడా.

ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఆ పూటే. అంతవరకు పాత మాట కొత్త మాటలో ఎక్కడ మిగిలిందా అని అక్షరాల్లోనే వెతికేదాన్ని. ఇప్పుడు ఎవరు పాడుతూ ఆగినా, అక్కడ ఏం పోసేవాళ్లో అడగకుండా కత్తిరించనివ్వను.

చరణం ముగిసింది. ఖాళీ వచ్చింది. అందరూ ఆగారు. మరియమ్మ కుడిచేయి ఎత్తలేదు, రెండు అరచేతులూ దోసిలిగా పట్టింది. ఆ పాటలో ఆమె ఇప్పుడు అందరితో సమానంగా పాడగలిగే చోటు అదొక్కటే.