రాత్రి వంతు

అడగకుండానే చీకటిని తొలగించి, చేసిన మేలు చెప్పుకోకుండానే పడమటికి సాగిపోయే వెలుగుల దొరకు నమస్కరించి, శ్రీ విశ్వావసు నామ సంవత్సర మాఘ శుద్ధ సప్తమి నాడు, లింగాల ఘనపూర్ మండలంలోని మా ఊళ్లో, మా ఇంటి అరుగు మీద కూర్చుండి ఈ నాలుగు మాటలు వ్రాసుకొంటున్నాను.

ఈ ఉదయం తలపైన జిల్లేడాకులు ఉంచుకొని స్నానం చేశాను. వాకిట్లో ఎండ పడే చోట పిడకలు రాజేసి పాలు పొంగించాను. పాలు తూర్పు వైపుకే పొంగాయి. అటు పొంగితే ఆ ఏడు మంచిదని నా భార్య అనేది. ఆమె జనగామ దవాఖానలో కన్ను మూసిన నాటి నుండి ఆ మాట నాకు నేనే చెప్పుకొంటున్నాను. పరమాన్నం దించి, చిక్కుడాకులు కడిగి, అరుగు మీద వరుసగా పరిచాను. పరిచిన తరువాత గాని తెలియలేదు, ఒక్కడి కోసం ఒక పంక్తికి సరిపడా ఆకులు పరిచానని.

ఆ ఆకులు ఎవరి కోసమో చెప్పాలంటే ముందు రాత్రి వంతు సంగతి చెప్పాలి.

మా ఊరి సబ్‌స్టేషన్ ఎంతో దూరం నుండి వచ్చే తీగకు చిట్టచివర ఉంది. యాసంగి పంట రోజుల్లో దారి పొడుగునా ఉన్న ఊళ్లన్నీ తమ తమ బోర్లకు కరెంటు తోడుకోగా, కాలువ చివరి మడికి నీరు చేరినట్లు, మిగిలింది మాకు చేరేది. పగటిపూట అందరూ ఒకేసారి మోటార్లు వేస్తే ఓల్టేజీ పడిపోయేది, మోటార్లు కాలిపోయేవి. అందుచేత ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులు తమలో తామే ఒక కట్టుబాటు చేసుకొన్నారు. సగం మంది పగలు, సగం మంది రాత్రి. వారం తిరగగానే పగటివారు రాత్రికి, రాత్రివారు పగటికి. ఇది ఏ ప్రభుత్వమూ పెట్టిన నియమం కాదు. అయినా దాన్ని ఎవరూ దాటేవారు కారు.

పొలాల బాటకు మా ఇల్లే ఆఖరు. రాత్రి వంతు వారు తిండి తిని, చేతికర్రలు, టార్చిలైట్లు పట్టుకొని వచ్చి మా అరుగు మీద కూర్చునేవారు. పగటి వంతు వారు మోటార్లు ఆపి తిరిగి వస్తూ, "బంద్ పెట్టినం, ఇగ మీరు ఏస్కోండ్రి" అని చెప్పేదాకా వారికి అక్కడ కాలక్షేపం. ఆ కాలక్షేపానికి తోడుగా నేను పురాణం చెప్పేవాణ్ణి.

నేను తెలుగు పండితుణ్ణి. మొదట కొత్తగూడ అడవిలో, తరువాత మహబూబాబాదులో, చివరకు కాటారంలో పిల్లలకు పద్యాలు వల్లె వేయించి విశ్రాంతి తీసుకొన్నాను. కొత్తగూడలో నేను చేరిన నాడు చాలా గూడేలకు తీగ చేరలేదు. పిల్లల పుస్తకాలను ముక్కు దగ్గర పెట్టుకొంటే కిరసనాయిలు వాసన వచ్చేది. మహబూబాబాదులో తీగ ఉండేది, దానిలో కరెంటు ఎప్పుడుంటుందో ఎవరికీ తెలిసేది కాదు. కాటారం నుండి బస్సులో భూపాలపల్లికి పోయేటప్పుడు కరెంటు తయారుచేసే కేంద్రం పొగగొట్టాలు కనిపించేవి. మా ఊరి కరెంటు బుగ్గలో ఎర్రగా మిణుకుమనేది అక్కడి మట్టి కింది నుండి తవ్వి తెచ్చిన నలుపేనని అప్పుడు తోచింది. నా బాల్యంలో వీధికొక్క బుగ్గ వెలిగితే అదే వైభవం. నేడు ఇంటింటా ఫ్రిజ్, కూలర్, చేతిలో ఫోను, చేనిలో మోటారు. అవసరం పెరిగినందుకు నేనెవరినీ తప్పుపట్టను. తడిసిన మడి, చల్లని నీళ్లు కోరుకోవడం దురాశ కాదు. కాని కోరే చేతులు పెరిగినంతగా బొగ్గు పెరగదు కదా.

అరుగు మీద మొదట కూర్చునేవాడు మా పక్కింటి రైతు. ముసల్మాను, ఇంట్లో దక్నీ ఉర్దూ, వాకిలి దాటితే తెలుగు. పురాణంలో అడ్డుప్రశ్నలన్నీ అతనివే. అతనికి ఎదురుగా స్తంభానికి ఆనుకొని ఒక పెద్ద వయసు రైతు కూర్చునేవాడు. అడ్డుప్రశ్నకు అడ్డుజవాబు అతనిది. నా భార్య ఉన్నన్నాళ్లు అందరికీ చాయ కాచి ఇచ్చేది. ఆమె పోయిన తరువాత ఒక రాత్రి పక్కింటి రైతు ఫ్లాస్కులో చాయ తెచ్చి నా ముందు పెట్టాడు. ఆనాటి నుండి వంతు ఉన్న ప్రతి వారమూ ఫ్లాస్కు వచ్చేది.

ఒకసారి, అడవుల పాలైన రాజు ఒకడు సూర్యుణ్ణి కొలిచి తరగని గిన్నెను పొందిన కథ చెబుతున్నాను.

"పంతులు సారూ," అన్నాడు పక్కింటి రైతు, "గా గిన్నె జర మన ట్రాన్స్‌ఫార్మర్ కింద పెట్టిస్తె గాదా? దినాం గీ పరేషాన్ తప్పుతది."

"గిన్నె గాదు, గంగాళం పెట్టినా నీ మోటరుకు సాలది," అన్నాడు పెద్ద రైతు. "నీది ఉట్టి తాగుబోతు మోటరు."

"నాదన్న తాగుతది. నీది ఎప్పుడన్న లేశిందా? పండుకునుడే గని!"

నవ్వులు తగ్గిన తరువాత చెప్పాను: ఆ గిన్నె రాణి భోజనం చేసేవరకే నిండుగా ఉంటుంది, ఆమె తిని కడిగి పెట్టిందంటే ఆ దినానికి దానిలో మెతుకు ఉండదు.

"అంటే పొద్దుగూకితె కరెంటు బంద్ అన్నట్టు," అన్నాడతను. "సూర్యుడు ఇచ్చిండు గద మరి, పగటి మందమే ఇస్తడు."

ఆ మాట నాకు నచ్చింది. నలభై ఏళ్లు బళ్లలో చెప్పినా ఏ పిల్లవాడూ ఆ కథను అలా పట్టుకోలేదు.

గత వేసవిలో వారంతా కలిసి పగటిపూట మా ఇంటికి వచ్చారు. పగటిపూట రావడమే కొత్త. సబ్‌స్టేషన్ పక్కన సోలార్ పలకలు పరిస్తే వాటి కరెంటు దూరం పోకుండా నేరుగా మా మోటార్లకే అందుతుందట. ఎండ కాసినంతసేపు అందరూ ఒకేసారి వేసుకోవచ్చునట. సబ్‌స్టేషన్‌ను ఆనుకొని ఉన్నది నా చెలక. ఒకప్పుడు ఆముదాలు పండేవి. ఇప్పుడు రాళ్లు, తంగేడు. కౌలుకు ఇమ్మని అడిగారు. నేను ఒప్పుకోకపోతే పలకలు వేరే ఊరికి పోతాయి.

"ఆలోచించి చెబుతాను," అన్నాను.

చెలక మీద మమకారం కాబోలు అనుకొని మర్యాదగా లేచి వెళ్లారు. చెలక మీద నాకు మమకారం లేదు. నేను ఆలోచించింది వేరు. పగలు కరెంటు సరిపోతే రాత్రి వంతు ఉండదు. రాత్రి వంతు లేకపోతే అరుగు మీద మనిషి ఉండడు. ఈ ఇంట్లో పగలంతా నేను పలికే మాటలు పాలవాడితో ఒకటి, పిల్లితో రెండు. మిగిలినవన్నీ రాత్రికి దాచుకొన్నవే.

తరువాత రెండు మూడు దినాలకు, అందరూ పొలాలకు పోయిన వేళ, పక్కింటి రైతు భార్య వచ్చింది. ఎన్నడూ మా గడప తొక్కిన మనిషి కాదు. తల మీదికి కొంగు లాక్కొని గేటు దగ్గరే నిలబడింది.

"సారూ, మా ఆయన నన్ను అడగనియ్యడు. సారు మనసుల ఏమున్నదో, జోర్ చెయ్యొద్దు అంటడు. నేను అడుగుత, కోపం చెయ్యకున్రి."

"అడుగమ్మా."

"మీరు చెప్పే కిస్సలు మస్తుగుంటయట. తెల్లారి ఇంటికొచ్చి అన్ని నాకు చెప్తడు. నేనేడ ఇంట సారూ? రాత్రంత నా చెవి దర్వాజ మీదనే ఉంటది. మొన్న పొలం ఒడ్డు మీద పామును తొక్కిండు. టార్చి ఉన్నది గాబట్టి మిగిలిండు. స్టార్టర్ డబ్బ తడి, చెయ్యి తడి, కింద బురద. పోయినోడు అస్తడో రాడో అని పిల్లల నడుమ కూసుంట." నా అరుగు వైపు చూసింది. "మీ అరుగు మీద కిస్స, మా ఇంట్ల జాగారం."

పాము సంగతి అతడు అరుగు మీద ఎన్నడూ చెప్పలేదు. చెబితే కథ ఆగిపోతుందనుకొన్నాడేమో. మా రెండిళ్ల నడుమ ఉన్నది ఒక్క గోడ. దానికి ఇవతల నేను గొంతెత్తి పద్యం చదువుతున్నంతసేపూ అవతల ఒక మనిషి మేలుకొని ఉందని నేనెరుగను.

"చెలక ఇస్తున్నానని మీ ఆయనకు చెప్పమ్మా," అన్నాను.

ఆమె కొంగు సర్దుకొని, "మీరే చెప్పున్రి సారూ. నేను అచ్చినట్టు మాత్రం చెప్పకున్రి," అని గబగబా వెళ్లిపోయింది.

వానలు వెలిసిన తరువాత నా చెలకలో తంగేడు కొట్టివేసి, ఇనుప కాళ్లు పాతి, నల్లని నీలి పలకలు వరుసలుగా నిలబెట్టారు. అవన్నీ ఒకే దిక్కుకు ముఖం తిప్పి నిలబడితే, సంధ్య వార్చే బ్రాహ్మల బారులాగా నాకు కనిపించేవి. నేను ఉదయం అర్ఘ్యం ఇచ్చే దేవుణ్ణి కూలికి పెట్టుకొన్నారని ఊళ్లో ఒకరిద్దరు నాతో వేళాకోళమాడారు. నాకది తక్కువగా తోచలేదు. పని చేయని దేవుడు ఏ పురాణంలో ఉన్నాడు?

పుష్యమాసంలో, నాట్లు ముమ్మరంగా ఉన్న రోజుల్లో, కరెంటు కలిపారు. మధ్యాహ్నం పక్కింటి రైతు బురద కాళ్లతోనే పరుగెత్తి వచ్చాడు.

"సారూ, మీ గిన్నె పనిజేస్తున్నది! అందరియి నడుస్తున్నయి, ఒక్కటి గూడ గుర్రుమంటలేదు!"

"మరి రాత్రికి?"

"రాత్రికి మళ్ల భూపాలపల్లి బొగ్గే, ఇండ్లల్ల బుగ్గలకు. మోటర్లతోని మాకేం పని? మేం పండుకుంటం."

ఆ మాట అని, నా ముఖం చూసి, వెంటనే సర్దుకొన్నాడు. "అట్లని మీ కాడికి రామా ఏంది! మేం మోటర్ల కోసం అచ్చినమా సారూ? కిస్స కోసం అచ్చినం. నడుమల ఇడిశిపెడ్తమా?"

అన్న మాట ప్రకారమే వచ్చారు. ఫ్లాస్కు కూడా వచ్చింది. కాని పగలంతా మడిలో వంగిన నడుములు అవి. పూర్వం పొలానికి పోవలసిన పని ముందు ఉండేది గనుక కన్నులు తెరిచి ఉండేవి. ఇప్పుడు ముందున్నది పడక ఒక్కటే. నిన్న రాత్రి నేను రాజు అరణ్యవాసం ఆఖరి ఏడు చెబుతుండగా పక్కింటి రైతు తల వాలిపోయింది. గురక మొదలైంది.

"అరే, నీ మోటరు షురువైంది. బంద్ పెట్టు," అని పెద్ద రైతు కాలితో తట్టాడు. తట్టినవాడి కళ్లూ ఎర్రగానే ఉన్నాయి.

అతడు ఉలిక్కిపడి లేచి, "ఇంటున్న సారూ, ఇంటున్న," అన్నాడు.

"ఎక్కడిదాకా వచ్చాం?"

"గిన్నె కాడికి."

నేను గిన్నె కథ చెప్పి రెండేళ్లు అయింది. ఎవరూ నవ్వలేదు. నేను పుస్తకం మూశాను.

"ఇక ఇళ్లకు పోండి నాయినా. మిగిలింది పనులు తీరిన తరువాత చెబుతాను."

"నారాజ్ కాలేదు గద సారూ?"

"కాలేదు. పో, పడుకో."

వారు వెళ్లిన కొంతసేపటికి పక్కింటి తలుపుకు లోపలి గొళ్లెం పడిన చప్పుడు వినిపించింది. రాత్రి వంతు వారంలో ఆ ఇంటి గొళ్లెం ఆ వేళకు పడటం నేనెప్పుడూ వినలేదు. మా అరుగు మీది బుగ్గ కూడా ఇప్పుడు నిండుగా వెలుగుతోంది. ఖాళీ ఫ్లాస్కు నీడ గోడ మీద స్పష్టంగా పడింది. మరచిపోయి వెళ్లారు.

ఈ ఉదయం ఆ ఫ్లాస్కును, రెండు చిక్కుడాకుల్లో పరమాన్నాన్ని గోడ మీదుగా పక్కింటివారికి అందించాను. రైతు భార్య తీసుకొంది. మునుపటి కంటే ముఖం తేటగా ఉంది.

"ఆయన పొద్దుగాలనే పొలానికి పోయిండు సారూ. పొద్దుగూకినంక మీ కాడికి తోలాల్నా?"

"వద్దమ్మా. తిని పడుకోనీ."

మిగిలిన ఆకులను పిల్లి చూడకముందే తీసివేశాను.

ఫాల్గుణ శుద్ధ దశమి నాడు ఈ నాలుగు మాటలు కలిపి వ్రాస్తున్నాను. ఈ రోజు ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులందరూ కూడి రాత్రి వంతును రద్దు చేసుకొన్నారు. ఈ యాసంగిలో మా దిక్కు ఒక్క మోటారూ కాలలేదు. మాఘమాసంలో ఆపిన కథను నేను మళ్లీ మొదలుపెట్టలేదు. అరుగు మీది చాపలు దులిపి, చుట్టి, లోపల పెట్టాను.