మెట్ల మీద ఈల

వాడికి ‘గోల’ అని పేరు పెట్టింది వాళ్ళన్న. చిన్నప్పుడు వంటింట్లో గిన్నెలన్నీ బోర్లించుకుని గరిటెలతో వాయిస్తుంటే, “ఇంట్లో ఉన్నది ముగ్గురం, చప్పుడు మాత్రం మూడు వీధులది” అని నవ్వేవాడు. ఆ పేరే నిలిచిపోయింది. గడ్డం వచ్చి, అన్న వెనకే ప్రెస్ షాపులో ఉక్కు రేకులు కొట్టే పనిలో చేరి, నోరు కట్టుకుని గిటారు కొనుక్కున్నాక కూడా వదిన “గోలా, అన్నానికి రా” అనే పిలిచేది.

అన్న నెమ్మది మనిషి. సాయంత్రం పని దిగి, మూడో అంతస్తుకు మెట్లెక్కుతూ ఈల వేసేవాడు. ఎప్పుడూ ఒకటే వరస. అది పూర్తికాకముందే తలుపు వచ్చేసేది, సగంలో ఆగిపోయేది. ఆ ఈల మొదటి అంతస్తులో వినపడగానే వదిన టీ పెట్టేది. మలుపు తిరిగేసరికి గడియ తీసేది.

ఒకరోజు ఈల రాలేదు. షాపు యార్డులో లోడు లారీ వెనక్కి వస్తోందట. వెనక్కి వచ్చేటప్పుడు మోగే హారన్ కీచుమని మోగుతూనే ఉందట. అందరూ విన్నారు, అతనొక్కడే తప్పుకోలేదు. “ఏ ధ్యాసలో ఉన్నాడో పాపం” అన్నారు చూడవచ్చినవాళ్ళు. వదినా అదే నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది?

ఆ తర్వాత ఆ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. గోల పనినుంచి వచ్చి గిటారు పట్టుకునేవాడు, వదిన పొయ్యి పట్టుకునేది. కొన్నాళ్ళకు వాడు, “వదినా, అన్న మీద పాట కట్టాను. నేనే రికార్డు చేస్తా, నేనే విడుదల చేస్తా” అన్నాడు. వాడి మొదటి పాట. వెనక కంపెనీ లేదు, స్టూడియో లేదు. వదిన బొంతలూ దుప్పట్లూ ముందు గది గోడలకు వేలాడాయి. బట్టల బీరువా తలుపులు తెరిచి, తల లోపలికి దూర్చి పాడేవాడు. డ్రమ్ములు మాత్రం స్నేహితుడు వాయించాడు. అతను నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు. సెలవు రోజున ట్యాంకరు షెడ్డులోనే ఆ రికార్డింగ్ అయింది.

పాట చివర గిటారు ఆగిపోయి, అన్న ఈల వస్తుంది. మెట్ల దగ్గర గిటారు ఎలా మోగుతుందోనని గోల ఒకప్పుడు ఫోన్లో రికార్డు చేస్తుంటే, అన్న సరిగ్గా అప్పుడే పనినుంచి వచ్చాడు. అడుగుల చప్పుడూ ఈలా అందులో పడ్డాయి. ఆ మనిషిది మిగిలింది అంతే.

ఇక మిక్సింగ్. గొంతు ఎంత ఉండాలి, గిటారు ఎంత ఉండాలి అని కంప్యూటరు ముందు కూర్చుని చూసుకోవడం. కూరలో ఉప్పూ కారం చూసుకోవడం లాంటిదే. గోల నెలల తరబడి రుచి చూస్తూనే ఉన్నాడు. చూసినకొద్దీ కారం పెరుగుతోంది.

కింద కొట్టులో దర్జీ ఉండబట్టలేక అడిగాడు. “ఏమ్మా, మీ మరిది పాట కడుతున్నాడా, రంపాలు నూరుతున్నాడా? నా కత్తెరకి ఇంక సాన అక్కర్లేదు తల్లీ.”

“పాటేనండీ. ఇంకా ఉడకలేదు” అని వదిన పైకి వచ్చేసింది.

ట్యాంకరతను వచ్చి విన్నాడు. వింటూ వింటూ మొహం చిట్లించాడు.

“పాట బావుందిరా. కానీ డ్రమ్ముల పక్కన ఇత్తడి పళ్ళేలు సూదుల్లా గుచ్చుతున్నాయి. ఆ ఈలయితే కత్తే. దించరా బాబూ.”

“నీ డ్రమ్ములు తగ్గించానని నీ ఏడుపు.”

“డ్రమ్ములు పోతే పోనీ, నా చెవులురా!”

మాటా మాటా పెరిగింది. అతను చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా దిగిపోయాడు.

గోల గుమ్మానికి వీపు పెట్టి నిలబడి గొణుగుతున్నాడు. “అందరికీ కుళ్ళే వదినా. ఇందులో ఈల అసలు వినపడటమే లేదు, వీడికి కత్తిలా ఉందట!”

అప్పుడే వెనక వంటింట్లో కుక్కరు కూత పెట్టింది. వదిన ఉలిక్కిపడింది. కింద దర్జీ మిషను కూడా ఓసారి ఆగింది. గోల రెప్ప వెయ్యలేదు. అదే గొంతుతో అదే మాట చెబుతున్నాడు.

ఈ రెప్ప వెయ్యకపోవడం వదినకు కొత్త కాదు. కుక్కరు నెత్తిన కూస్తున్నా పేపరు చదువుకుంటూ కూర్చునేవాడు ఆయన. పరధ్యానం అనుకుంది. ఆ షాపులో ప్రెస్సు దెబ్బలకు చెవుల్లో ఇంత దూది కుక్కుకుని నిలబడేవాడు ఆయన. ఆ చోటనే ఇప్పుడు వీడు నిలబడుతున్నాడు. మాటలు వినపడతాయి, సన్నటి కీచుకూతలే చెవికి అందవు; ఆ లారీ హారనూ అలాంటిదే.

చెబితే పాట ఆగిపోతుందేమో. వాడికి ఈ లోకంలో మిగిలిన ఒక్కగానొక్క ఆశ అది. చెప్పకపోతే?

వెళ్ళి వాడి భుజం పట్టుకుని వంటింటివైపు తిప్పింది. కుక్కరు మీద బరువు ఎగిరెగిరి పడుతోంది, ఆవిరి కప్పుదాకా లేస్తోంది. గోల దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

“ఎప్పట్నుంచి కూస్తోంది?”

“నువ్వు మాట్లాడుతున్నంతసేపూ.”

వాడు గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. “అన్నకీ ఇంతేనా?” అన్నాడు. వదిన కొంగుతో నోరు నొక్కుకుంది. ఆ రోజు అన్నం ఎవరూ తినలేదు.

తర్వాతి సెలవు రోజున వాడే కుర్చీ తెచ్చి కంప్యూటరు పక్కన వేశాడు. “నాకీ విద్య ఏం తెలుసురా?” అంది వదిన. “నీకు చెవులున్నాయి, చాలు. గుచ్చుకుంటే చెయ్యెత్తు.”

ఆమె కళ్ళు మూసుకుంది. చెయ్యెత్తినప్పుడల్లా వాడు తగ్గించాడు. పళ్ళేలు మెత్తబడ్డాయి, గొంతు ముందుకొచ్చింది. ఈల దగ్గర మాత్రం ఆమె చెయ్యి దిగలేదు.

“ఇంకా. ఆయన ఇంత గట్టిగా ఎప్పుడు వేశాడు? పక్కింటివాళ్ళు ఏమనుకుంటారోనని లోలోపలే వేసేవాడు.”

“వదినా, ఇంక తగ్గిస్తే నాకు వినపడదు.”

ఆమె కళ్ళు తెరిచింది. చెయ్యి దించేసింది. “పోనీలే, నీ పాట. నీకు వినపడేట్టే ఉంచుకో.”

గోల తెర వైపు తిరిగాడు. “అన్న పాట” అని తగ్గించాడు.

పాట బయటికి వెళ్ళింది. పెద్దగా ఎవరూ వినలేదు. ట్యాంకరతను మాత్రం వచ్చి, వీపు చరిచి పోయాడు. ప్యాకింగులోకి మార్చమని గోల అడిగితే యజమాని “చూద్దాం” అన్నాడు. ఆ చూద్దాం అక్కడే ఉంది. వాడు చెవులకు చప్పుడు ఆపే మందపాటి డిప్పలు కొనుక్కుని మళ్ళీ అదే ప్రెస్సు ముందు నిలబడుతున్నాడు.

విడుదలైన సాయంత్రం ఇద్దరూ కూర్చుని మొదటినుంచీ విన్నారు. చివరికొచ్చేసరికి గిటారు ఆగింది. గోలకు గది నిశ్శబ్దంగా ఉంది. వాడు తెర వదిలేసి వదిన మొహం చూస్తున్నాడు.

“వచ్చాడా?”

“ఊఁ.”

“ఎక్కడున్నాడు?”

“మొదటి అంతస్తు.”

“ఇప్పుడు?”

“మలుపు తిరిగాడు” అంటూ ఆమె తనకు తెలియకుండానే గడియ తియ్యడానికి లేచి నిలబడింది. ఆమె లేవడం చూసి గోలకు తెలిసింది, ఈల ఆగిపోయిందని.